పెద్దవాళ్లలో పెదవి ఫ్రీనమ్ శస్త్రచికిత్స: ఎవరికి, ఎప్పుడు, ఏ పద్ధతి
(యువ దంతవైద్యుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఫ్రీనెక్టమీ, అంటే పెదవినీ చిగురునూ కలిపే ఫ్రీనమ్ పట్టీని తీసేసే ఆపరేషన్, పావుగంట పని అని మనలో చాలామంది అనుకుంటాం. కోయడం వరకే లెక్కేస్తే పావుగంట కూడా పట్టదు. కానీ మూడు నెలలు తిరిగేసరికి ఆ పట్టీ మళ్లీ పాత చోటికే వచ్చి అతుక్కుంటే? రెండు ముందుపళ్ల మధ్య చిగురు పోయి నల్లటి త్రికోణం కనబడుతుంటే? అప్పుడు మనం చేసింది వైద్యం కాదు. ఎంత కండ తీశామన్నది పక్కన పెట్టండి. మిగిలిన పెదవి పొర ఎముక మీద ఏ ఎత్తున స్థిరపడింది, మధ్య పాపిల్లా, అంటే రెండు పళ్ల నడుమ ఉండే చిగురు మొన, నిలిచిందా లేదా, ఈ రెండే ఈ ఆపరేషన్ ఫలితం. ఇవాళ ఏ పద్ధతి గురించి చెప్పినా ఈ రెండు ప్రశ్నలతోనే దాన్ని తూకం వేస్తాను.

పై పెదవిని ఎత్తి చూస్తే మధ్యలో నిలువుగా ఒక మడత కనబడుతుంది, అదే ఫ్రీనమ్. రెండు పొరల మ్యూకోసా (నోటి లోపలి తడి పొర), వాటి మధ్య కొల్లాజెన్ నారలు, సాగే నారలు. లాగే బలం ప్రధానంగా ఈ నారలదే. మామూలుగా ఇది గులాబీ రంగు గట్టి చిగురు ముగిసి, ఎర్రటి కదిలే పొర మొదలయ్యే గీత దగ్గర అతుక్కుని ఉంటుంది. అక్కడ ఆగకుండా పళ్ల అంచు వైపు దిగి వస్తేనే కేస్ షీట్‌లో 'హై ఫ్రీనమ్' అని రాస్తాం. 1974లో ప్లాసెక్ బృందం ఇచ్చిన వర్గీకరణే ఇప్పటికీ వాడుకలో ఉంది. ఆ గీత దాకా మాత్రమే వస్తే మ్యూకోజల్. గట్టి చిగురులోకి దిగితే జింజైవల్. పళ్ల మధ్య పాపిల్లాలోకి చేరితే పాపిలరీ. పాపిల్లాను దాటి అంగిలి వైపు దాకా పోతే పెనిట్రేటింగ్. మొదటి రెండూ సహజమైనవే, వాటి జోలికి పోనక్కర్లేదు. చివరి రెండూ ఇబ్బంది పెట్టగలవు. పెట్టగలవు అంటున్నాను గానీ తప్పకుండా పెడతాయని కాదు. పాపిలరీ ఫ్రీనమ్ ఉండి కూడా యాభై ఏళ్లు ఏ తేడా లేకుండా గడిపేసినవాళ్లకు కత్తి పెట్టాల్సిన పనే లేదు.

పరీక్ష సులువే, కానీ తొందరపడితే తప్పుతుంది. పెదవిని రెండు చేతుల బొటనవేళ్లు, చూపుడువేళ్ల మధ్య పట్టుకుని ముందుకు, పైకి, ఆ తర్వాత పక్కలకు లాగండి. మూడు చూడాలి. పళ్ల మధ్య పాపిల్లా తెల్లబడుతోందా? చిగురు అంచు పంటిని వదిలి కదులుతోందా? అద్దం పెట్టి చూస్తే అంగిలి వైపు ఇన్‌సైసివ్ పాపిల్లా (ముందుపళ్ల వెనక ఉండే చిన్న బుడిపె) కూడా తెల్లబడుతోందా? ఈ మూడోది కనబడితే నారలు పళ్ల మధ్య నుంచి వెనక్కి పోయాయన్నమాట. పెదవిని బలంగా లాగితే మామూలు చిగురు కూడా కాస్త తెల్లబడుతుంది. అందుకే ఒకటికి రెండుసార్లు, మెల్లగా లాగి చూడండి. తర్వాత పెరియోడాంటల్ ప్రోబ్‌తో (కొలత గీతలున్న సన్న కడ్డీ) గట్టి చిగురు వెడల్పు కొలిచి, అందులోంచి పాకెట్ లోతు, అంటే చిగురుకూ పంటికీ మధ్య సందు లోతు, తీసేయండి. మిగిలేదే ఎముకకు అంటుకుని ఉన్న చిగురు. 1972లో లాంగ్ (Lang), లో (Löe) అనే ఇద్దరు పరిశోధకులు చెప్పిన కొలత మీకు గుర్తుండే ఉంటుంది: గట్టి చిగురు 2 మి.మీ., అందులో అంటుకున్నది 1 మి.మీ. పళ్లు శుభ్రంగా ఉంచుకునేవాళ్లలో అంతకన్నా తక్కువ ఉన్నా చిగురు ఆరోగ్యంగా ఉండగలదని తర్వాత తేలింది. కాబట్టి కొలత ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి.

పెద్దవాళ్లలో ఆపరేషన్‌కు గట్టి కారణాలు నాలుగే అని నా అభిప్రాయం. ఫ్రీనమ్ లాగడం వల్ల చిగురు పంటి వేరు వైపు జారిపోవడం, లేదా అక్కడ బ్రష్ సరిగా పడక ఎప్పుడూ వాపు ఉండటం. క్లిప్పులతో మూసిన సందు నిలవదన్న భయం. కట్టుడు పళ్ల సెట్ లేచిపోవడం. ఆ చోటే ఇంప్లాంట్ పెట్టబోతుండటం, లేదా వేరు కప్పే ఆపరేషన్ చేయబోతుండటం. అద్దంలో బాగాలేదన్నది ఒక్కటే కారణమైతే పేషెంట్‌తో ఇంకోసారి కూర్చుని మాట్లాడండి.

సందు విషయం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. ముందుపళ్ల మధ్య సందు, పక్కనే ఫ్రీనమ్ కనబడగానే రెండింటినీ ముడిపెట్టేస్తాం. పక్క పళ్లు, అంటే లాటరల్ ఇన్‌సైజర్లు, చిన్నవి కావచ్చు, లేకపోనూ వచ్చు. ఎముకలో అదనపు పన్ను, మీసియోడెన్స్, దాక్కుని ఉండవచ్చు. నాలుకతో నెట్టే అలవాటు ఉండవచ్చు. ఇంటిల్లిపాదికీ అదే పళ్ల వరస ఉండవచ్చు. నలభై ఏళ్ల మనిషి వచ్చి 'ఇదివరకు లేని సందు ఈ మధ్యే వచ్చింది' అంటే, అది చిగుళ్ల జబ్బు వల్ల పళ్లు కదిలి వచ్చిన సందే అన్న అనుమానంతో మొదలుపెట్టండి. నలభై ఏళ్లుగా ఉన్న ఫ్రీనమ్ నిన్నగాక మొన్న సందు తెరవదు. అందుకే ఆపరేషన్‌కు ముందు ఐఓపీఏ ఎక్స్‌రే (నోటి లోపల ఫిల్మ్ పెట్టి తీసే చిన్న ఎక్స్‌రే) తప్పనిసరి. ఎముక ఎత్తు, మీసియోడెన్స్, రెండు పళ్ల మధ్య ఎముక గీత చీలినట్టు ఉందా, ఈ మూడూ దానిలో తెలుస్తాయి.

ఇక వరస. పెద్దవాళ్లలో ముందు సందు మూయాలి, తర్వాతే ఫ్రీనమ్ తీయాలి. ముందే కోస్తే అక్కడ ఏర్పడే మచ్చ కణజాలం పళ్లు దగ్గరికి రావడానికి అడ్డుపడవచ్చు. సందు మూసుకుని, క్లిప్పులు ఇంకా పళ్ల మీద ఉండగానే ఆపరేషన్ చేస్తే, మానేటప్పుడు ముడుచుకునే ఆ కణజాలమే పళ్లను దగ్గరగా పట్టి ఉంచడానికి సాయపడుతుంది. క్లిప్పులు తీయడానికి ఆరు వారాల ముందు చేయమన్నది 1985లో మిల్లర్ ఇచ్చిన సలహా. ఫ్రీనమ్ మరీ లావుగా ఉండి, సందు మూసేటప్పుడు మధ్యలో చిగురు నలిగి నొప్పి చేస్తుంటే మాత్రం ముందే తీయక తప్పదు. ఏ వరసలో చేసినా పళ్ల వెనక అతికించే తీగ రిటైనర్ మానొద్దు. ఫ్రీనమ్ తీశాం కదా, ఇక సందు రాదులే అనే ధీమా పనికిరాదు. (పిల్లల సంగతి వేరు. పై కోరపళ్లు వచ్చేదాకా ఆగితే చాలా సందులు వాటంతటవే మూసుకుంటాయి.)

పేషెంట్‌ను సిద్ధం చేయడం గురించి క్లుప్తంగా చెబుతాను. వారం ముందు స్కేలింగ్ చేసి (పళ్ల గార తీసి), చిగురు వాపు తగ్గాకే కత్తి పట్టండి. వాచిన చిగురు కుట్టును నిలపదు, చీలిపోతుంది. బీపీ 180/110 ఉంటే వాయిదా వేయండి, ఇది అత్యవసర ఆపరేషన్ కాదు. షుగర్ అదుపులో లేకపోయినా అంతే. ఆస్పిరిన్ వాడేవాళ్లను మానమని మనంతట మనం చెప్పకూడదు. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడేవాళ్లకు ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే వేగం చెప్పే పరీక్ష) చూసి, గుండె డాక్టర్‌తో మాట్లాడాకే తేదీ పెట్టండి. మన దగ్గర గుట్కా, ఖైనీ అలవాటున్నవాళ్లు ఎందరో. పెదవి లోపలి పొర తెల్లబడి, గట్టిపడి ఉంటే అది సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ కావచ్చు. అలాంటి పొర సాగదు, కుట్టు లాగితే చిరుగుతుంది, కోసిన చోట మళ్లీ పట్టీ కడుతుంది. ముందు అలవాటు మాన్పించాలి, ఆ జబ్బుకు వైద్యం మొదలుపెట్టాలి, ఫ్రీనమ్ మాట ఆ తర్వాత.

మత్తు. 2 శాతం లిగ్నోకెయిన్, 1:80,000 అడ్రినలిన్. ఫ్రీనమ్‌కు అటూ ఇటూ వెస్టిబ్యూల్‌లో, అంటే పెదవికీ చిగురుకూ మధ్య ఉండే గాడిలో, అర మి.లీ. చొప్పున, అంగిలి వైపు ఇన్‌సైసివ్ పాపిల్లా దగ్గర రెండు మూడు చుక్కలు. మొత్తం 2 మి.లీ. దాటనక్కర్లేదు. ఫ్రీనమ్‌లోకే నేరుగా గుచ్చి నింపేస్తే అది బుడగలా ఉబ్బిపోతుంది. దాని అసలు అంచు ఎక్కడో కనబడదు, కోత గతి తప్పుతుంది. గుచ్చాక మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగండి. ఆ ఆగడం మత్తు కోసమే కాదు, అడ్రినలిన్ పనిచేసి రక్తం తగ్గడానికి కూడా. గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఒక విడతలో అడ్రినలిన్ 0.04 మి.గ్రా. మించకూడదంటారు. 1:80,000 ద్రావణంలో అది 3.2 మి.లీ. మనం వాడేది అంతకంటే తక్కువే, అయినా గుచ్చినప్పుడల్లా వెనక్కి లాగి రక్తం రావడం లేదని చూసుకునే వదలండి.

ఇప్పుడు అసలు పని. పాత పద్ధతి, ఆర్చర్ పేరుతో చెప్పుకునేది. కావలసినవి: మస్కిటో హీమోస్టాట్ (సన్న మొన ఉన్న బిగింపు పట్టకారు), 15 నంబరు బ్లేడు, ఆడ్సన్ ఫోర్సెప్స్, సన్న కత్తెర, 4-0 సిల్క్ లేదా 5-0 వైక్రిల్, నీడిల్ హోల్డర్, కో-ప్యాక్ (గాయం మీద పెట్టే ముద్దలాంటి కట్టు). పెదవిని సహాయకురాలు ముందుకు లాగి పట్టుకోవాలి. హీమోస్టాట్ మొనను వెస్టిబ్యూల్ లోతు దాకా దింపి ఫ్రీనమ్‌ను బిగించండి. దాని పై అంచు వెంట, పెదవి వైపు, మొన దాటేదాకా ఒక కోత. కింది అంచు వెంట, ఎముక వైపు, ఇంకో కోత. రెండూ కలిశాక త్రికోణం ముక్క హీమోస్టాట్‌తో పాటే ఊడి వస్తుంది. పెదవి వదిలి మళ్లీ ఎత్తితే వజ్రం ఆకారంలో గాయం కనబడాలి. అంత వెడల్పుగా తెరుచుకోలేదంటే ఫ్రీనమ్ ఇంకా మిగిలి ఉందన్నమాట.

చాలామంది ఇక్కడ కుట్టడం మొదలుపెట్టేస్తారు. ఆగండి. ఆ వజ్రం అడుగున, ఎముక మీద, తెల్లటి నారల పొర ఇంకా ఉంటుంది. అది తీయకపోతే ఆపరేషన్ సగమే అయినట్టు. అడ్డంగా ఒక కోత పెట్టి ఆ నారలను పెరియాస్టియమ్ (ఎముకను కప్పి ఉండే పొర) నుంచి విడదీసి, మొద్దుమొన కత్తెరతో పైకి నెట్టండి. తర్వాత పెదవి లాగి చూడండి. చిగురు దగ్గర కణజాలం కొంచెం కదిలినా ఎక్కడో ఒక నార తెగలేదని అర్థం. దాన్ని వెతికి తెంపాకే ముందుకు పోవాలి. లావు ఫ్రీనమ్ అయితే వెస్టిబ్యూల్ పై అంచున పెరియాస్టియమ్ మీద కూడా అడ్డంగా ఒక గాటు పెట్టడం మంచిదని నేను నమ్ముతాను. అక్కడ ఏర్పడే గట్టి మచ్చ, పెదవి పొర కిందికి పాకకుండా ఆపుతుంది.

తర్వాత పెదవి వైపు గాయం అంచుల కింద కత్తెర మొన పెట్టి మూడు నాలుగు మి.మీ. మేర వదులు చేయండి. ఇది చేయకుండా కుడితే పెదవి బిగుసుకుపోతుంది, నవ్వినప్పుడు కుట్లు చీరుతాయి. కండలోకి మాత్రం దిగొద్దు, రక్తం ఆగదు, మర్నాటికి పెదవి వాచిపోతుంది. సాబుదానా గింజల్లాంటి చిన్న లాలాజల గ్రంథులు గాయంలోకి పొడుచుకొస్తే, అడ్డమున్నవాటిని కత్తిరించేయండి. వాటిని లోపలికి తోసి కుడితే తర్వాత నీటి బుడ్డలా మ్యూకోసీల్ రావచ్చు.

మొదటి కుట్టు. ఇవాళ్టి ప్రసంగంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటామంటే ఇది గుర్తుపెట్టుకోండి. మొదటి కుట్టు వజ్రం మధ్యలో, వెస్టిబ్యూల్ అత్యంత లోతులో పడాలి. సూది ఒక అంచు నుంచి దూరి, అడుగున పెరియాస్టియమ్‌ను పట్టుకుని, రెండో అంచు నుంచి బయటికి రావాలి. పెరియాస్టియమ్ పట్టిందో లేదో ఎలా తెలుస్తుంది? దారం రెండు కొసలూ మెల్లగా లాగండి. పొర మొత్తం జారితే పట్టలేదు, తలకాయ కదిలేంత గట్టిగా ఉంటే పట్టింది. ఈ ఒక్క కుట్టు మూడు పనులు చేస్తుంది: వెస్టిబ్యూల్ లోతును నిలబెడుతుంది, కింద రక్తం గూడు కట్టకుండా ఆపుతుంది, పెదవి పొర మళ్లీ చిగురు మీదికి పాకకుండా అడ్డుకుంటుంది. తిరగబెట్టిన కేసుల్లో మొట్టమొదట అనుమానించాల్సింది ఈ కుట్టునే. ఆ తర్వాత పెదవి వైపు నాలుగైదు మి.మీ. దూరంలో రెండో మూడో విడి కుట్లు సరిపోతాయి. చిగురు మీద ఉన్న కింది త్రికోణాన్ని కుట్టాలని చూడొద్దు. అక్కడి గట్టి చిగురు సాగదు, బలవంతంగా దగ్గరికి లాగితే పాపిల్లా ఆకారం చెడుతుంది. దాన్ని తెరిచే వదిలి, పైన కో-ప్యాక్ వేస్తే తనంతట తాను మానుతుంది. ప్యాక్‌ను పళ్ల సందుల్లోకి నొక్కి పట్టించండి. పై అంచు పెదవి కదలికకు తగలకుండా కత్తిరించండి, లేకపోతే రాత్రికే ఊడి చేతిలోకి వస్తుంది. వారానికి ప్యాక్, సిల్క్ కుట్లు తీసేయాలి.

ఇక పాపిల్లా. పెద్దవాళ్లలో పోయిన పాపిల్లా తిరిగి పెరుగుతుందని ఆశ పెట్టుకోకండి. పెనిట్రేటింగ్ ఫ్రీనమ్ అయినా సరే, పాపిల్లా కొసను కోయకూడదు. దాని మొదట్లో ఆగిపోవాలి. పళ్ల మధ్య నుంచి వెనక్కి పోయిన నారలను తెంపాల్సి వస్తే, పాపిల్లాను అలాగే ఉంచి, సన్న బ్లేడును లోపల నిలువుగా దింపి తెంపాలి. 1977లో ఎడ్వర్డ్స్ చెప్పిన మూడంచెల పద్ధతిలో కూడా ఫ్రీనమ్‌ను పైకి జరపడం, పళ్ల మధ్య నారలు తెంపడం, మిగిలిన చిగురును సరిదిద్దడం, అన్నీ పాపిల్లాను కాపాడుకుంటూ చేసేవే. పై నవ్వు గీత ఎత్తుగా ఉండి, నవ్వితే చిగురు కనబడేవాళ్లలో అర మి.మీ. తేడా కూడా కంటికి తెలుస్తుంది.

పాత పద్ధతికి ఒక లోపం ఉంది. చిగురు మధ్యలో కొన్నిసార్లు గీతలా మచ్చ మిగులుతుంది. చిగురు కనబడేలా నవ్వేవాళ్లకు, ముఖ్యంగా క్లిప్పుల వైద్యం పూర్తి చేసుకుంటున్నవాళ్లకు, నేను ముందు ఎంచుకునేది మిల్లర్ పద్ధతి. ఫ్రీనమ్‌ను పాపిల్లా మొదట్లో అడ్డ కోతతో విడదీసి, వెస్టిబ్యూల్ లోతు దాకా తీసుకెళ్లి, పెదవి అడుగున మిగిలింది కత్తిరించేస్తాం. అక్కడ మధ్యలో పెరియాస్టియమ్ బయటపడుతుంది. దాన్ని ఖాళీగా వదలకుండా పక్క నుంచి చిగురు తెచ్చి కప్పుతాం. పక్క పన్ను, అంటే లాటరల్ ఇన్‌సైజర్ ముందు అంచున, చిగురు అంచుకు రెండు మూడు మి.మీ. పైన నిలువు కోత మొదలుపెట్టి వెస్టిబ్యూల్ దాకా తీసుకెళ్లాలి. ఈ కోతకూ మధ్య గాయానికీ నడుమ ఉన్న చిగురును పెరియాస్టియమ్ ఎముక మీదే ఉండేలా సగం మందంతో లేపాలి. పైన మొదలును అలాగే వదిలి మధ్యకు జరిపి కుట్టాలి. పళ్ల మధ్య నారలను ఇందులో ముట్టుకోం, అందుకే పాపిల్లాకు ప్రమాదం తక్కువ. మానాక మధ్యలో అడ్డంగా అంతా గట్టి చిగురే ఉంటుంది, రంగూ కలిసిపోతుంది.

ఇందులో తప్పేది ఎక్కడ? చిగురు పలచగా ఉన్న మనిషిలో సగం మందం ఫ్లాప్, అంటే జరిపి కప్పే ఆ చిగురు పొర, లేపబోతే బ్లేడు అవతలికి దూరి చిల్లు పడుతుంది. చిల్లు పడిన ఫ్లాప్ కొస చనిపోతుంది. ప్రోబ్‌ను సల్కస్‌లో (చిగురుకూ పంటికీ మధ్య సందులో) పెట్టి చూసినప్పుడు చిగురు లోంచి ప్రోబ్ కనబడితే అది పలచని చిగురు. అలాంటివాళ్లలో ఈ పద్ధతి వద్దు. ఫ్లాప్ తెచ్చే పంటి దగ్గర కూడా చిగురు కనీసం మూడు మి.మీ. ఉండాలి, లేకపోతే ఇక్కడి సమస్య తీసుకెళ్లి అక్కడ పెట్టినట్టవుతుంది.

వెస్టిబ్యూల్ లోతు తక్కువగా ఉండి, ఫ్రీనమ్ సన్నగా బిగుసుకుపోయి ఉన్నవాళ్లకు జడ్-ప్లాస్టీ. ఫ్రీనమ్ నారలను నిలువుగా తీసేశాక, ఆ నిలువు కోత పైకొసన ఒకటి, కింది కొసన ఒకటి, ఎదురెదురు దిక్కుల్లో 60 డిగ్రీల కోణంలో రెండు కోతలు. మూడు గీతలూ ఒకే పొడవు ఉండాలి. ఏర్పడిన రెండు త్రికోణాలను అటుది ఇటు, ఇటుది అటు మార్చి కుడితే నిలువు గాయం అడ్డంగా మారుతుంది. లెక్క ప్రకారం 60 డిగ్రీలకు 75 శాతం పొడవు పెరగాలి, 45కి 50 శాతం, 30కి 25 శాతం. నోట్లో అంత రాదు, కానీ పెదవి వదులవడం వెంటనే తెలుస్తుంది. కోణం మరీ సన్నగా కోస్తే త్రికోణం కొసకు రక్తం అందదు, నల్లబడి ఊడిపోతుంది. వీ-వై పద్ధతి ఫ్రీనమ్‌ను పైకి జరపడానికే, నారలు అలాగే ఉండిపోతాయి కాబట్టి పాపిల్లా సమస్యకు అది జవాబు కాదు.

మొదలు వెడల్పుగా, విసనకర్రలా పరుచుకున్న ఫ్రీనమ్ పళ్లు లేని నోళ్లలో తరచూ కనబడుతుంది. దానికి ఇవేవీ సరిపోవు. గట్టి చిగురు అంచున పొర వరకే కోసి, పెరియాస్టియమ్ మీదుగా పైకి విడదీసి, పొర అంచును వెస్టిబ్యూల్ లోతులో పెరియాస్టియమ్‌కే కుట్టేసి, మధ్యలో బయటపడ్డ భాగాన్ని మాననివ్వాలి. పాత కట్టుడు పళ్ల సెట్ అంచున టిష్యూ కండిషనర్ (మెత్తటి లైనింగ్ పదార్థం) వేసి ఆ రోజే పెట్టిస్తే పొర కిందికి దిగకుండా ఆనుకుని ఉంటుంది. ఫ్రీనమ్‌కు చోటివ్వడానికి సెట్ మధ్యలో లోతైన గాడి కోసి సరిపెట్టుకోవడం చూస్తుంటాం. ఆ గాడి దగ్గర ఒత్తిడంతా పోగై సెట్ సరిగ్గా మధ్యకు విరుగుతుంది. మధ్యలో మళ్లీ మళ్లీ విరిగే సెట్ తెచ్చిన పెద్దాయనకు రిపేరు చేసి పంపేముందు పెదవి ఎత్తి చూడండి.

కింది పెదవి. ఇక్కడ సందు ఊసు ఉండదు, చిగురు జారడమే సమస్య. కింది ముందుపళ్ల దగ్గర ఎముక పలచన, వెస్టిబ్యూల్ లోతు తక్కువ, గడ్డం దగ్గరి మెంటాలిస్ కండ లాగుడు ఎక్కువ. ఫ్రీనమ్ ఒక్కటే కోసి వదిలేస్తే తిరిగి వచ్చేస్తుంది. అంటుకున్న చిగురు అసలే లేనిచోట అంగిలి నుంచి ఒక మి.మీ. నుంచి ఒకటిన్నర మి.మీ. మందంతో ఫ్రీ జింజైవల్ గ్రాఫ్ట్ (కోసి తెచ్చి అతికే చిగురు ముక్క) తెచ్చి, ఫ్రీనమ్ తీసిన చోట పెరియాస్టియమ్ మీద కదలకుండా కుట్టడమే నిలిచే వైద్యం. రంగు కొంచెం తేడాగా ఉంటుంది, కింద కాబట్టి కనబడదు.

ఇక కాటరీ (కరెంటు వేడితో కోసే పరికరం), లేజర్. కాటరీతో రక్తం తక్కువ, పని వేగం. కానీ ఎముకకు తగిలితే ఎముక కాలి చచ్చిపోతుంది, అందుకే నారలు ఎముకను చేరేచోట దాన్ని ఆపేసి బ్లేడు పట్టాలి. ఒకేచోట ఒకటి రెండు సెకన్లకు మించి ఉంచొద్దు, మళ్లీ అక్కడికే వచ్చేముందు ఎనిమిది పది సెకన్లు చల్లారనివ్వండి. పేస్‌మేకర్ ఉన్న మనిషికి కాటరీ వద్దు.

డయోడ్ లేజర్ ఇప్పుడు చిన్న క్లినిక్‌లలోకి కూడా వచ్చింది: 810, 940, 980 నానోమీటర్లు. 300 లేదా 400 మైక్రాన్ల ఫైబర్, ఒకటి నుంచి ఒకటిన్నర వాట్లతో మొదలుపెట్టండి. కొత్త మొనను కార్క్ మీదో, ఆర్టిక్యులేటింగ్ పేపర్ మీదో తాకించి నల్లబరచాలి. డయోడ్‌లో కోసేది ఎక్కువగా ఆ వేడెక్కిన మొనే. అది చేయకుండా మొదలుపెట్టి, కోయడం లేదని వాట్లు పెంచుకుంటూ పోతే లోపలి కణజాలం కాలుతుంది. మొనను ఎముకకు నిలువుగా గుచ్చినట్టు పట్టకూడదు. ఎముకకు సమాంతరంగా, బ్రష్ గీసినట్టు చిన్న చిన్న గీతలతో, చిగురు వైపు నుంచి పైకి. పేరుకున్న మసిని తడి గాజ్ గుడ్డతో తుడుస్తూ ఉండండి. పొగను సక్షన్ లాగేయాలి. ఆ తరంగదైర్ఘ్యానికి తగిన కళ్లద్దాలు గదిలో అందరికీ ఉండాలి, పేషెంట్‌కు కూడా. కార్బన్ డయాక్సైడ్ లేజర్, 10,600 నానోమీటర్లది, తాకకుండానే కోస్తుంది, రక్తాన్ని బాగా ఆపుతుంది. ఎర్బియమ్ లేజర్లు వేడి తక్కువ పుట్టిస్తాయి, రక్తం ఆపడంలో కొంచెం వెనక.

ఆపరేషన్ తర్వాత. మొదటి రోజు పెదవి బయట మంచు ముక్క గుడ్డలో చుట్టి పెట్టుకోమనండి, పావుగంట పెట్టి పావుగంట తీసి. మజ్జిగ అన్నం, ఇడ్లీ లాంటివి చల్లారాక తినాలి. పచ్చడి, కారం, కొరికి తినాల్సిన జామకాయ, చెరకు వారం దాకా వద్దు. ఐబుప్రొఫెన్ 400 మి.గ్రా. తిన్నాక వేసుకుంటూ రెండు మూడు రోజులు వాడితే సరిపోతుంది. కడుపులో పుండు, కిడ్నీ సమస్య ఉంటే పారాసిటమాల్ ఇవ్వండి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి యాంటీబయాటిక్ అక్కర్లేదు, అలవాటుగా రాయకండి. మర్నాటి నుంచి 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ 10 మి.లీ.తో రోజుకు రెండుసార్లు పుక్కిలించి ఉమ్మేయాలి, టూత్‌పేస్ట్‌కూ దానికీ అరగంట ఎడం. టీ కాఫీలతో పళ్ల మీద గోధుమరంగు మరక పడుతుందని ముందే చెప్పండి. మత్తు దిగి, అడ్రినలిన్ ప్రభావం పోయాక ఒకటి రెండు గంటలకు మళ్లీ కొంచెం రక్తం రావచ్చు. తడి గాజ్ గుడ్డ మడిచి, పెదవిని బయట నుంచి ఎముకకు అదిమి పది నిమిషాలు పట్టుకోవాలి, మధ్యలో తీసి చూడకూడదు. మూడో రోజు గాయం మీద తెల్లటి పొర కనబడుతుంది. అది చీము కాదు, మానే గాయం పొర. గీకితే మళ్లీ మొదటికే వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, అద్దం ముందు నిలబడి పెదవి ఎత్తి ఎత్తి చూసుకోవద్దని గట్టిగా చెప్పండి. ఆ మొదటి కుట్టు తెగేది ఎక్కువగా అలాగే.

ఇంకేమైనా అడగాలనుకుంటే అడగండి.

ప్రశ్న: మేడమ్, లేజర్ ఉన్న క్లినిక్‌లో ఇంకా కత్తితో చేయాల్సిన అవసరం ఉందా?

ఉందమ్మా. లేజర్ వల్ల పేషెంట్‌కు మొదటి వారం సుఖంగా ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ లేజర్‌నూ కత్తినీ పోల్చిన 2006 నాటి పరిశీలనలో కూడా నొప్పి, మాట్లాడటంలో ఇబ్బంది లేజర్ వైపే తక్కువ. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు, సూదీ దారం అంటే భయపడేవాళ్లకు అది మేలు. సన్నని ఫ్రీనమ్‌కు సరిగ్గా సరిపోతుంది. కానీ లేజర్ గాయానికి కుట్టు ఉండదు. కుట్టు లేదంటే పొరను వెస్టిబ్యూల్ లోతులో పట్టి ఉంచేదీ ఏమీ లేదు. గాయం మొదట్లో నెమ్మదిగా మానుతుంది, ఆ లోపల అంచులు దగ్గరికి వస్తే పట్టీ మళ్లీ కడుతుంది. అందుకే లావు ఫ్రీనమ్‌లో లేజర్‌తో కోసినా, అడుగున పెరియాస్టియమ్ మీద బ్లేడుతో ఆ అడ్డ గాటు పెట్టి, లోతులో ఒక్క కుట్టయినా వేయడం మంచిది. పక్క నుంచి చిగురు తెచ్చి కప్పాల్సిన కేసుకైతే లేజర్ అసలు పనిముట్టే కాదు.

ప్రశ్న: వేరేచోట చేయించుకుని తిరగబెట్టిన పేషెంట్ వస్తే వెంటనే మళ్లీ చేయొచ్చా మేడమ్?

వద్దు. కనీసం మూడు నెలలు, మచ్చ గట్టిగా ఉంటే ఆరు నెలలు ఆగండి. ఎర్రగా, గట్టిగా ఉన్న మచ్చను కోస్తే ఇంకో మచ్చ వస్తుంది. ఆ గడువులో మళ్లీ లాగి పరీక్ష చేయండి. మిగిలిన మచ్చ చూడటానికి పట్టీలా ఉన్నా చిగురును లాగకపోతే రెండో ఆపరేషన్ అవసరమే లేదు, ఫొటో తీసి, కొలత రాసిపెట్టి ఆరు నెలలకోసారి చూడండి. లాగుతోందంటే రెండోసారి పాత పద్ధతినే మళ్లీ చేయకండి. మధ్యలో గట్టి చిగురు తెచ్చి పెట్టాలి. పై పెదవి అయితే, పక్కన చిగురు సరిపడా ఉంటే మిల్లర్ ఫ్లాప్. లేకపోతే, కింది పెదవి అయినా సరే, అంగిలి నుంచి గ్రాఫ్ట్. కుట్లు తీసిన రోజు, నెలకు, మూడు నెలలకు వెస్టిబ్యూల్ లోతును పంటి అంచు నుంచి మి.మీ.ల్లో కొలిచి కేస్ షీట్‌లో రాయండి. నెలకూ మూడు నెలలకూ మధ్య ఆ అంకె తగ్గుతూ వస్తోందంటే పొర కిందికి పాకుతోందని పేషెంట్ కంటే ముందు మీకే తెలుస్తుంది.